వదిన కర్మకు ఒక మకారం

మా వదిన పాత పుస్తకాలు బాగుచేస్తుంది. పెద్ద గ్రంథాలయంలో పై అంతస్తున, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన ఆమె బల్ల. వెన్ను విరిగినవి, అట్ట ఊడినవి, పురుగు తొలిచినవి, ఎవరో తడి చేతులతో తిప్పినవి, అన్నీ అక్కడికే చేరతాయి. పాత దారం విప్పి, చిరిగినచోట వెనకనుంచి పొరలాంటి పల్చటి కాగితం అతికించి, మళ్ళీ కుట్టి, అట్ట కట్టి పంపుతుంది. బజారు జిగురు వాడదు. పిండి నీళ్ళలో కలిపి తనే కాచుకుంటుంది. అందుకని అక్కడ అందరూ ఆమెను జిగురమ్మ అంటారు. ఆ పేరుకు ఇంకో అర్థం కూడా ఉంది. పట్టుకున్న పని వదలదు. పెళ్ళయి మా ఇంటికొచ్చిన నాటినుంచి చూస్తున్నాను గనక ఆ అర్థానికి నేనే సాక్షిని.

నేను ఆమె ఆడపడుచును. ఇంటి ముందుగదిలో బట్టలు సరిచేసే దుకాణం నాది. ప్యాంట్లు పొట్టి చేస్తాను, జిప్పులు మారుస్తాను, కోట్లకు లైనింగులు వేస్తాను. నాకు ఓర్పు తక్కువ, నోరు ఎక్కువ. వదినకు ఓర్పు ఎక్కువ, నోరు అవసరమైనంత. మా అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య నలిగి ఇంటికొచ్చి, మా ఇద్దరి మధ్య ప్రశాంతత వెతుక్కుంటాడు పాపం.

వదిన ఆ గ్రంథాలయంలో మొదట అరలు తుడిచే పనికి చేరింది. అప్పుడు ఆ కిటికీ దగ్గర ఒక ముసలి బైండరు కూర్చునేవాడట. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. తుడిచే గుడ్డ పట్టుకుని ఈవిడ ఆయన వెనక నిలబడి చూస్తూ ఉండేది. కొన్నాళ్ళకు ఆయన వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచి "సూది" అన్నాడు. ఈవిడ అందించింది. అంతే, అదే చేరిక, అదే గురువు. ఆయన వెళ్ళిపోయాక ఆ బల్ల ఈవిడ చేతికొచ్చింది. ఇప్పుడు వదిన కాగితం మూల వేళ్ళ మధ్య పట్టుకుని చూసి, ఇది గుడ్డపీలికలతో చేసిందో కర్రగుజ్జుతో చేసిందో చెప్పేస్తుంది. జిగురు చిక్కదనం చూసి వాన వస్తుందో రాదో కూడా చెబుతుంది గానీ, అది మాత్రం చాలాసార్లు తప్పుతుంది.

ఇంత పనిమంతురాలూ అక్కడ తాత్కాలికమే. పాత పుస్తకాల గదిలో స్థిరంగా ఉండాలంటే లాటిన్ మొదటి మెట్టు పరీక్ష గట్టెక్కాలని నియమం. దాన్ని ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు, ఉన్నట్టుండి పైవాళ్ళు పట్టించుకున్నారు. విన్నరోజున నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అతికించే మనిషికి లాటిన్ ఎందుకు, లాటిన్ వస్తే గానీ జిగురు అంటుకోదా అని. వదినే నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఆ గదిలో పుస్తకాలు చాలామటుకు లాటిన్‌లోనే ఉన్నాయి. పాత అచ్చులో ప్రతి పేజీ అడుగునా, తర్వాతి పేజీ మొదటి మాట చిన్నగా వేసేవారట, కుట్టేవాడు వరస తప్పకుండా. తర్వాతెప్పుడో ఒక బుద్ధిమంతుడు అంచులు నీటుగా ఉండాలని కత్తిరించి ఆ మాటలన్నీ చెత్తబుట్టలో వేసేస్తాడు. పేజీ అంకెలేమో తప్పుల తడక. అలాంటి పుస్తకం విడికాగితాలై బల్ల మీదికొస్తే, ఇక్కడ ఆగిన వాక్యం ఏ కాగితంలో అతుకుతుందో చదివి తెలుసుకోవాల్సిందే.

"మరి ఇప్పుడేం చేస్తున్నావు?" అన్నాను.

"చదువుకున్న సార్లని అడుగుతాను. వాళ్ళకి తీరికైనప్పుడు చెబుతారు. అందాకా అవి నా బల్ల మీద అలా పడుంటాయి. వాటిని చూస్తే జాలేస్తుందే," అంది.

నియమం మీద నా కోపం అక్కడితో చల్లారింది.

పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోది ఆఖరు. పాసైతే ఆ బల్ల, ఆ కిటికీ ఆమెవే. లేకపోతే నేలమాళిగలో పత్రికలు కట్టలు కట్టే చోటుకు మార్చేస్తామని గ్రంథాలయం పెద్ద మేడం చెప్పేశారు. ఆవిడ మంచిదే, కానీ సంగతి ఆవిడ చేతిలో లేదు. వదినను తీసుకెళ్ళి ఆ చోటు చూపించారు కూడా. అక్కడ ఒక యంత్రం వేడి జిగురు పోస్తుంది, ఇంకో యంత్రం అంచులు కోస్తుంది, మనిషి మీట నొక్కాలి. ఆ సాయంత్రం వదిన భోజనం ముందు కూర్చుని కాసేపు తన చేతులు చూసుకుంది.

"అక్కడ దేనికీ ఇవి అక్కర్లేదే," అంది.

ఆమె ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది. ఆ కోపం కుట్టుమిషన్ మీద చూపించి సూది విరగ్గొట్టాను.

చిక్కంతా ఒకేఒక్క చోట ఉంది. కర్మ దగ్గర.

బళ్ళో మనందరికీ చెప్పిందే. పని చేసేవాడు కర్త, ఆ పని ఎవరి మీద, దేని మీద పడుతుందో అది కర్మ. "అమ్మ కూతుర్ని పిలిచింది" అంటే అమ్మ కర్త, కూతురు కర్మ. లాటిన్‌లో కర్మ అయిన మాటకు తోక మారుతుంది. ఫీలియా అంటే కూతురు. ఆ కూతుర్ని ఎవరన్నా పిలిస్తే ఫీలియామ్. చివర పెదవులు మూస్తే చాలు. "నిన్, నున్, లన్" అని మనం గొంతెత్తి వల్లించిన ద్వితీయా విభక్తిని వాళ్ళు ఒక్క మకారంతో కానిచ్చేస్తారు. పైగా క్రియ కూడా మనలాగే చాలామటుకు వాక్యం చివరే కూర్చుంటుంది. ఇది మనింటి భాషలాగే ఉందే అని వదిన మొదట్లో తెగ మురిసిపోయింది.

కానీ ఆ మకారం ఒకచోట పెడుతుంది, ఒకచోట పెట్టదు. ఒక వాక్యం ముత్యంలా రాస్తుంది, దాని కింద వాక్యంలో బోల్తా పడుతుంది. రెండోసారి తప్పినప్పుడు దిద్దినవాళ్ళు పక్కన ఎర్రసిరాతో ఒకే మాట రాశారు. "అజాగ్రత్త."

పరీక్ష పోయినందుకు కాదు, ఆ మాటకు వదిన కుంగిపోయింది. వెంట్రుకంత చిరుగు కూడా వదలని మనిషిని పట్టుకుని అజాగ్రత్త అన్నారు. నన్నంటే సరే, నీలం చొక్కాకు పచ్చ గుండీ కుట్టి ఇచ్చిన ఘనత నాకుంది.

"నిజమేనేమోనే," అంది వదిన. "వయసు మీద పడుతోంది. మతి నిలవట్లేదేమో."

కర్మ అనే మాట దొరికితే అన్నయ్య ఊరుకుంటాడా? పొద్దున టీ తాగుతూ, "ఏమోయ్, ఇవాళ నీ కర్మ ఎలా ఉంది?" అనేవాడు. వదిన పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది," అనేది. అది అన్నయ్యకు తగలడానికి రెండు గుటకలు పట్టేది.

సాయంత్రం కొట్టు కట్టేశాక పాఠం నేను ఒప్పజెప్పించుకునేదాన్ని. పుస్తకం నా ఒళ్ళో ఉండేది, వదిన ఎదురుగా. నాకు లాటిన్ రాదు. జవాబు చూసి సరిపోల్చడం వరకే నా ఉద్యోగం.

"స్త్రీ కూతుర్ని పిలుస్తోంది," అనేదాన్ని.

"ఫేమినా ఫీలియామ్ వొకత్."

"అమ్మాయి గుడ్డు పట్టుకెళ్తోంది."

"పుయెల్లా ఓవుమ్ పోర్తత్."

"అమ్మాయి నీళ్ళు పట్టుకెళ్తోంది."

"పుయెల్లా అక్వా పోర్తత్."

"అక్వామ్! అక్వామ్! నిన్న కూడా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను కదా!"

"అవునవును, అక్వామ్," అని వదిన నాలుక కరుచుకునేది. మర్నాడు మళ్ళీ అక్వానే. నాకు తల ప్రాణం తోకకొచ్చేది.

ఆమెకు లాటిన్ చెప్పే మాస్టారు ముసలాయన. చెప్పులు బాగుచేసే దుకాణం పైన రెండు గదుల్లో ఒక్కరే ఉంటారు. ఎప్పుడో ఆయన పాత నిఘంటువుకు వదిన వెన్ను కట్టి ఇచ్చింది, ఆ చనువుతో సెలవురోజుల్లో పాఠం చెబుతున్నారు. ఎంతో ఓపిక గల మనిషి. కానీ రెండోసారి పరీక్ష పోయాక ఆయనకూ దిగులు పట్టుకుంది, లోపం తన చెప్పడంలో ఉందేమోనని. పరీక్ష దగ్గరపడ్డాక ఒకరోజు, ఆయన కోటు లైనింగు మార్చి ఇవ్వాల్సి ఉండి నేనూ వదిన వెంట వెళ్ళాను.

ఆ గదిలో ప్రతి కుర్చీ మీదా పుస్తకాలే. మనం కూర్చోవాలంటే అవి లేవాలి. కిటికీకి అడ్డంగా కట్టిన తాడు మీద మేజోళ్ళు ఆరుతున్నాయి. కింద దుకాణం మూసి ఉన్నా తోలు వాసన నేలలోంచి వస్తూనే ఉంది. చేతి అంచు దగ్గర ఇంకా నాలుగు కుట్లు మిగిలితే, కోటు ఒళ్ళో వేసుకుని మూల కూర్చున్నాను. వదిన బల్ల దగ్గర కూర్చుని రాసింది. పుయెల్లా అక్వా పోర్తత్.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడండమ్మా. ఇక్కడ అమ్మాయి కర్త. మీరు రాసినట్టయితే నీళ్ళు కూడా కర్తే. పని చేసేవాళ్ళు ఇద్దరు, చేయించుకునేవాళ్ళు ఒక్కరూ లేరు. ఇలా నడవదు."

"మా ఇంట్లో చేయించుకునేవాళ్ళే ఎక్కువండీ, కావాలంటే ఒకర్ని పంపిస్తాం," అన్నాను ఉండబట్టలేక.

వదిన నావైపు ఒక చూపు చూసింది. మాస్టారు నవ్వలేదు. ఆయన నవ్వే స్థితిలో లేరు.

"ఇలా చేద్దాం. ముందు తెలుగులో గట్టిగా అనుకుందాం. కర్మ ఎక్కడుందో మన చెవికే వినిపిస్తుంది. నాతో పాటు అనండి. అమ్మాయి నీళ్ళను మోసుకెళ్తోంది."

"అమ్మాయి నీళ్ళను మోసుకెళ్తోంది," అంది వదిన బుద్ధిగా.

"నావికుడు బల్లను కడుగుతున్నాడు."

"నావికుడు బల్లను కడుగుతున్నాడు."

నాకు ఒళ్ళు మండింది. యాభై దాటిన మనిషి, అంత పని తెలిసిన మనిషి, చేతులు కట్టుకుని ఒకటో తరగతి పిల్లలా వల్లిస్తుంటే చూడలేకపోయాను. కోపం ఎవరి మీదో నాకే తెలియదు, వెళ్ళి మాస్టారి మీద పడింది.

"బల్లను కడగడమేంటి మాస్టారూ, ఎవరంటారండీ అలా? బల్ల కడిగాను అంటాం. నేను మీ కోటు కుట్టాను. కోటును కుట్టాను అంటే నా దగ్గరికొచ్చేవాళ్ళు నవ్విపోతారు. ఇలా ఎక్కడా లేని మాటలు పట్టుకొచ్చి రుద్దుతుంటే ఈవిడకి బుర్రకెలా ఎక్కుతుంది?"

"ఏమే, నోరు ముయ్యి!" అంది వదిన. మొహం ఎర్రబడింది.

మాస్టారు చెయ్యెత్తి ఆమెను ఆపారు. కళ్ళజోడు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"మీరిప్పుడేమన్నారు?" అని నన్ను అడిగారు.

"ఏదో తొందరపడ్డానండీ..."

"అది కాదమ్మా. కోటు సంగతి ఏమన్నారు?"

"కోటు కుట్టాను అన్నాను."

"మరి వీధిలో మీ వదిన కనబడ్డారనుకోండి. ఇంటికొచ్చి ఏమంటారు? వదిన చూశాను అంటారా?"

"వదినని చూశాను అంటాను. వదిన చూశాను అంటే అది మాటే కాదు కదండీ."

"పిల్లి కనబడితే?"

"పిల్లిని చూశాను."

"కిటికీ?"

"కిటికీ చూశాను."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని వదినవైపు తిరిగారు. ఆయన గొంతు మారిపోయింది.

"అమ్మా, ఆలోచించకుండా చెప్పండి. నావికుణ్ణి పిలిచాను. నావికుణ్ణి?"

"నౌతామ్," అంది వదిన.

"అమ్మాయిని?"

"పుయెల్లామ్."

"కూతుర్ని?"

"ఫీలియామ్."

"బల్ల కడిగాను. బల్ల?"

"మెన్సా."

"గులాబీ చూశాను. గులాబీ?"

"రోసా."

"నీళ్ళు తెచ్చాను. నీళ్ళు?"

"అక్వా... అయ్యో, అక్వామ్ కదూ," అని వదిన నాలుక కరుచుకుంది.

మాస్టారు లేచి నిలబడ్డారు. ఒళ్ళో పుస్తకం జారి కిందపడినా చూసుకోలేదు.

"మీరు అజాగ్రత్తగా లేరమ్మా," అన్నారు. "ఒక్కసారి కూడా లేరు. ప్రాణం ఉన్నవాటన్నిటికీ మకారం పెట్టారు. ప్రాణం లేనివాటికి ఒక్కదానికీ పెట్టలేదు. మీరు ఒక నియమం తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. కాకపోతే అది లాటిన్ నియమం కాదు, మనది."

వదిన తను రాసిన కాగితం మళ్ళీ దగ్గరికి లాక్కుంది. నేను సూది కోటులో గుచ్చి ఆయనవైపు తిరిగాను.

అప్పుడాయన గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పారు. అమ్మ కూతుర్ని పిలిచిందంటే "ని" లేకపోతే ఎవరు ఎవర్ని పిలిచారో తెలియదు. అందుకని మనుషులకూ జంతువులకూ అది పెట్టితీరతాం. బల్లకు అక్కర్లేదు. బల్ల ఎలాగూ లేచి నావికుణ్ణి కడగదు గనక! రాసేటప్పుడు బల్లను అని రాసుకుంటే రాసుకోవచ్చు, నోటితో మాత్రం మామూలుగా అనం. లాటిన్ వాళ్ళకు ఈ తేడా లేదు. ప్రాణం ఉందా లేదా అని వాళ్ళు నాడి పట్టుకుని చూడరు. పని తన మీద పడిందా, మకారం పెట్టు, అంతే.

"మరి గుడ్డో?" అంది వదిన ఉన్నట్టుండి. "ఓవుమ్ మారదు కదండీ. దోనుమ్ కూడా మారదు. గుడ్డూ కానుకా మొదటి పాఠాల్లోనే వచ్చాయి. కర్త అయినా ఓవుమే, కర్మ అయినా ఓవుమే. వస్తువులింక మారవు కాబోలని..." అని ఆగింది. "అలా అనుకుంటున్నానని నాకే తెలీదండీ."

మాస్టారు నుదురు కొట్టుకున్నారు.

"ఆ గుడ్లే ముంచాయన్నమాట! అవి నపుంసకలింగం మాటలమ్మా, వాటి తీరే అంత. పుట్టుకతోనే చివర మకారం ఉంటుంది. పుస్తకము, వృక్షము, ఓవుము. మన ప్రథమా విభక్తిలో డుమువులు అని ఉందిగా, ఆ ము మీకు చుట్టంలా అనిపించి ఉంటుంది. కానీ బల్లా, నీళ్ళూ, గులాబీ అలా కాదు. అవి స్త్రీలింగం."

"బల్ల ఆడదాండీ?" అన్నాను.

"వ్యాకరణంలో ఆడదే."

"అందుకే అందరూ దాని మీదే అన్నీ పెడతారు."

ఈసారి మాస్టారు నవ్వారు. గోడకు చెయ్యి ఆనించి, దగ్గొచ్చేదాకా నవ్వారు. వదిన మాత్రం నవ్వలేదు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని కూర్చుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందని తెలిసింది.

"అయితే నాకు మతి పోలేదు," అంది చేతుల్లోంచే.

"పోలేదమ్మా."

"వయసు వల్ల కూడా కాదు."

"కాదు. నేనే వినలేదు. చిన్నప్పుడు లాటిన్ నేను వేరే భాషలోంచి నేర్చుకున్నాను. నా నోరు ఏమంటోందో ఇన్నేళ్ళలో ఒక్కరోజూ చెవిన వేసుకోలేదు. మీకు చెప్పడం నాకే చేతకావట్లేదని రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు," అన్నారాయన. ఆ మాట అన్నాక ఆయన కూడా కాస్త ఎత్తు పెరిగినట్టు కనబడ్డారు.

ఆయనే టీ పెట్టారు. పంచదార ఎక్కువేశారు, ముగ్గురం తాగాం. చలి లేకపోయినా కొత్త లైనింగు కోటు వేసుకుని కూర్చున్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సెక్కకుండా నడిచే వచ్చాం. వదిన దారి పొడుగునా కనబడినదానికల్లా మకారం తగిలిస్తూ వచ్చింది. నా గుండెల మీంచి ఏదో దిగిపోయి, కాళ్ళు తేలిగ్గా పడ్డాయి.

మాస్టారు ఒక చిట్కా చెప్పారు. పరీక్షదాకా ఇంట్లో ప్రతిదానికీ "ని" పెట్టి మాట్లాడమన్నారు, ప్రాణం ఉన్నా లేకపోయినా. వదిన జిగురమ్మ కదా, పట్టుకుంది.

"టీని తాగు. చొక్కాని విప్పి బకెట్లో వెయ్యి. తలుపుని గట్టిగా వెయ్యకు," అంది అన్నయ్యతో.

అన్నయ్య తెల్లమొహం వేసి నావైపు తిరిగాడు. "ఏమే చెల్లీ, మీ వదినకేమైంది? చొక్కాకి ప్రాణమొచ్చిందా?"

"నువ్వు వేసుకునే చొక్కా లేచి నడిచినా నడుస్తుంది," అన్నాను.

"పొద్దున్నే నా ప్రాణాన్ని తియ్యకండి!"

"ప్రాణాన్ని. శభాష్," అంది వదిన. "అదీ అలా పెట్టాలి."

అంటువ్యాధిలా అది మాకూ పట్టుకుంది. అన్నయ్య బస్సులో కండక్టరుతో "టిక్కెట్లని కొట్టు, తలుపుని మూయి" అని నవ్వులపాలయ్యాడు. నేను ఒకావిడకు "మీ గౌనుని పొట్టి చేశానండీ" అంటే, ఆవిడ గౌనువైపు జాలిగా చూసింది. సాయంత్రం పాఠం మాత్రం సాఫీగా సాగిపోయేది. నేను "నీళ్ళని" అంటే ఆమె "అక్వామ్" అనేది. గుడ్డు వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, "దీన్ని వదిలెయ్యాలి, దీనికి పుట్టుకతోనే ఉంది," అని తనకు తనే చెప్పుకునేది. నేను అరవడం మానేశాను. పక్కింటివాళ్ళు వచ్చి, మీకు ఒంట్లో బాగుందా అని అడిగారు.

అయినా జబ్బేంటో తెలిసినంత మాత్రాన తగ్గినట్టు కాదు కదా. యాభై ఏళ్ళు ఒకలా తిరిగిన నాలుక పరీక్ష గదిలో దాని దారిన అది పోతే? పైకి అనలేదు గానీ, నాకా భయం లోపల ఉండనే ఉంది. వదినకూ ఉండి ఉంటుంది. పరీక్ష ముందురోజు తన పనిముట్లన్నీ ఇంటికి తెచ్చి తుడిచి, కాగితం మడతలు నొక్కే ఎముక పలకను గుడ్డలో చుట్టుకుంది. ఎందుకని అడగలేదు నేను.

పరీక్ష రాసి వచ్చి ముందుగదిలో నా ఎదుట కూలబడింది.

"బల్ల వచ్చింది," అంది.

"ఏం రాశావు?"

"మెన్సా అని రాసేశాను."

నా చేతిలో పని ఆగిపోయింది.

"రాసేసి, కింద వాక్యానికి పోయాను. పోయాక, బల్ల లేచి కడగదుగా అన్న మాస్టారి మాట తోచింది. నవ్వొచ్చింది. వెనక్కొచ్చి మకారం తగిలించాను. నవ్వినందుకు అక్కడున్నాయన కోపంగా చూశాడు."

"చూడనీ," అన్నాను. నా పని మళ్ళీ సాగింది.

ఫలితం పెద్ద మేడంకు వస్తుంది, ఆవిడ పిలిచి చెబుతారు. ఆ రోజు వదిన మామూలుగానే పనికి వెళ్ళింది. నేను మామూలుగా లేను. ఒక ప్యాంటుకు జిప్పు తలకిందులుగా కుట్టి, విప్పి, మళ్ళీ అలాగే కుట్టాను. ఆ కింది గదిలో, ఆ వేడి జిగురు యంత్రం పక్కన మీట నొక్కుతూ వదిన ఎలా ఉంటుందో తలుచుకోకూడదనుకుంటూ అదే తలుచుకున్నాను. ఆమె అక్కడికి వెళ్తే మాకు దక్కదు అనిపించింది. మనిషి ఉంటుంది, వస్తుంది, పోతుంది, కానీ మా వదిన కాదు.

అన్నయ్య కూడా మధ్యాహ్నం డ్యూటీ మార్చుకుని ఇంటికొచ్చేశాడు. దుకాణంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన వేళాకోళం ఆడకుండా అంతసేపు ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

వదిన రోజూ వచ్చే వేళకన్నా ముందే వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. సంచి భుజం మీదే ఉంది, ఆయాసపడుతోంది. నడిచి రాలేదని, పరిగెత్తిందని తెలుస్తోంది. మొహం చూస్తే ఏమీ అంతుబట్టలేదు.

"తీసుకున్నారు," అంది.



"ఏం తీసుకున్నారు? బల్ల తీసేసుకున్నారా?"

వదిన తల అడ్డంగా ఊపింది. అన్నయ్య కుర్చీలోంచి లేచి ఆమెవైపు ఒక అడుగు వేశాడు.

"చెప్పు వదినా, ఏం తీసుకున్నారు?"

"దేన్నీ కాదే," అంది వదిన. "నన్ను. నన్ను తీసుకున్నారు."